సీతాఫలం పళ్ళెంలో పైడితల్లి పళ్ళు

నమోదు 1: ఓడ ఇంకా బయల్దేరలేదు

ఈ చిట్టా చదవబోయే భావితరాలకు, చదవకుండానే చెరిపేయబోయే గ్రంథాలయ యంత్రానికి, నీడపట్టు నివాస సమితికి, సమస్త దంతవైద్య లోకానికి, చివరగా మామిడి, జామ, ద్రాక్ష, సీతాఫలం మొదలైన ఫలజాతికి సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను. చంద్రుడి మీద సాష్టాంగపడటం సులువే, లేవడం ఇంకా సులువు. అయినా నా భావాన్ని గమనించండి. ఇందులోని పొరపాట్లన్నీ నావి, గొప్పతనమంతా డాక్టర్ కిమిడి నీలవేణి మేడమ్‌ది. అయితే నేను అంతటా "మేము" అనే రాస్తాను. పక్కన నిలబడ్డవాడికి వ్యాకరణం ఆ మాత్రం హక్కు ఇచ్చింది.

నా పేరు త్రినాథ్. పళ్ళ డాక్టరు చదువు ముగించి మొదటి ఉద్యోగానికి నీడపట్టు వచ్చాను. సూర్యుడు ఎన్నడూ తొంగిచూడని గొయ్యి ఇది. గొయ్యి అడుగున మంచు ఉంది కాబట్టి మనుషులున్నారు. మనుషులున్నారు కాబట్టి పళ్ళున్నాయి. పళ్ళున్నాయి కాబట్టి మేడమ్ ఉన్నారు. మేడమ్ ఉన్నారు కాబట్టి నాకు తిట్లకు లోటు లేదు.

ఇవాళ పెద్ద తలుపు పైడితల్లి అక్క పన్ను విరిగింది.

మంచు తవ్వేవాళ్ళు బయటికి పోయి లోపలికి వచ్చేది పెద్ద తలుపులోంచే. దుమ్ముకి బటన్లు పట్టేస్తున్నాయని దానికి చెవులు పెట్టారు. అది పైడితల్లి అక్క గొంతు ఒక్కటే వింటుంది. ఆమె ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిస్తే, ఆ ఒక్కరికే తెరుచుకుంటుంది. అలాంటి మనిషి నిల్వగదిలో గడ్డకట్టిన అచ్చు బెల్లం తీసి, కాస్త కరగనివ్వకుండా కొరికింది. పై వరసలో ముందు పన్ను ఒకటి వేరుతో సహా వచ్చేసింది. దానికి అటూ ఇటూ ఉన్న రెండూ సగానికి విరిగాయి. బెల్లానికి మాత్రం గీత కూడా పడలేదు.

పెదవి వాపు తగ్గకుండానే పనిలోకి పోయి, "సలుపు సియ్యి" అంది.

తలుపు ఎంతో మర్యాదగా అడిగింది. "సలుపు ఎక్కడ? పంటిలోనా, మోకాలిలోనా?"

బయట ఉన్నవాళ్ళని చేతి చక్రం తిప్పి లోపలికి తెచ్చారు. ఆ చక్రం తిప్పినవాళ్ళు ఇంకా భుజాలు పట్టుకునే తిరుగుతున్నారు.

ఇక్కడ ఒక భాషాశాస్త్ర గమనిక. అక్క నోట్లో చకారం పుట్టినప్పటి నుంచీ సకారమే. ఇప్పుడు తకారం, దకారం కూడా మూటాముల్లె సర్దుకుని అదే గదిలో దిగాయి. నన్ను "స్రినాస్ బాబూ" అంటోంది. గౌరవం కొద్దీ ఈ చిట్టాలో ఆమె మాటలని పళ్ళున్నట్టే రాస్తాను.

అసలు భయం వేరే ఉంది. భూమి నుంచి తనిఖీ బృందం ఓడలో వస్తోంది. వాళ్ళ ముందు తలుపు అక్క మాట వినకపోతే, దానికి యంత్రం గొంతు పెట్టి అక్కని మంచు జల్లెడ పట్టే షెడ్డుకి పంపేస్తారు.

"కొత్త గొంతే తలుపుకి నేర్పేద్దాం అక్కా," అన్నాను.

"ఏటి బాబూ, నా పన్ను ఇరిగిందని తలుపుకి నత్తి నేర్పుతావేటి?" అంది. "జల్లెడకి పొమ్మంటే పోతాను. అదేం పెద్ద పని కాదు. గాని నా పిల్లల్ని ఎవులు పిలుస్తారు? ఆ యంత్రానికి తౌడు ఎవుడో, దాలినాయుడు ఎవుడో తెలుసునా?"

పిల్లలంటే తవ్వకం మనుషులు. వాళ్ళలో తాతబాబుకి యాభై దాటాయి.

నమోదు 2: ఓడ బయల్దేరింది

మేము నోరు పరీక్షించాము. అంటే మేడమ్ పరీక్షించారు, నేను దీపం పట్టుకున్నాను. దీనికి విరుగుడు మూడు పళ్ళ బ్రిడ్జి అని తేలింది. అటూ ఇటూ విరిగిన పళ్ళని అరగదీసి క్యాపులు తొడగాలి, మధ్య పన్ను వాటి మధ్య వేలాడాలి. మూడూ ఒకే ముక్క. దానికి ముందు నోటి అచ్చు తీయాలి. వెలుతురుతో కొలిచే స్కానర్ పోయిన ఓడలో మరమ్మతుకి వెళ్ళింది. నా మనవలు దాన్ని అందుకుంటారని ఆశ.

ఇక అచ్చు తీసే ట్రే. నాకు ట్రే అంటే నోట్లో గట్టిపడే అచ్చు మందుని మోసే గిన్నె అనే ఉండేది. కాలేజీలో చేతికందిన ట్రే తీసుకుని నోరు తెరవమనేవాళ్ళం. ఇవాళ మేడమ్ బల్ల మీద మా ఆస్తి మొత్తం పరిచారు.

నేను జంట ట్రే ఎత్తాను. పై పళ్ళు, కింది పళ్ళు, రెండూ కలిసి కొరికే తీరు, మూడూ ఒకే దెబ్బకి వస్తాయి, మందు కూడా తక్కువ పడుతుంది. "ఇది చాలు మేడమ్."

"ఒక్క పన్ను అయితే, అదీ లోపల, అటూ ఇటూ గట్టి పళ్ళుంటే, రోగి నోరు సరిగ్గా మూయగలిగితే, అప్పుడు అది బంగారమే. ఇక్కడ ముందువైపు మూడు పళ్ళు. దవడ ఒంపంతా నాకు కావాలి. సగం ఊరి పటం చూసి ఊరంతటికీ రోడ్డు వేస్తావా?"

పల్చటి ప్లాస్టిక్ ట్రే ఎత్తాను. తేలిక, చవక, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది.

"వెనక రెండు కొనలూ పట్టుకుని పిండు."

పిండాను. దగ్గరికి వచ్చాయి. వదిలాను. పాత చోటికి పోయాయి.

"చూశావా? అచ్చు మందు ముద్ద గట్టిది. నోట్లోకి నొక్కగానే ట్రే విచ్చుకుంటుంది. అచ్చు అలాగే గట్టిపడుతుంది. బయటికి తీయగానే ట్రే తన చోటికి తను పోతూ అచ్చుని కూడా లాక్కుపోతుంది. కంటికి ఏమీ కనబడదు. బ్రిడ్జి తయారయ్యాక కనబడుతుంది."

"ఎలా కనబడుతుంది మేడమ్?"

"దిగదు."

ఇంత చిన్న మాటలో ఇంత పెద్ద విషాదం నేను ఇంకెక్కడా వినలేదు.

స్టీలు ట్రేలు రెండు మిగిలాయి. ఒకటి పసిపిల్లలది. రెండోది ఏ ఏనుగుని దృష్టిలో పెట్టుకుని చేశారో తెలియదు. చిన్నది అక్క నోట్లో పెడితే పళ్ళకి తగిలింది. తగిలిన చోట మందు ఉండదు, మందు లేని చోట అచ్చు ఉండదు. పెద్దది పెడితే అటు ఆకాశమంత ఖాళీ, ఇటు వెంట్రుకంత ఖాళీ. మందు ఒకచోట మందంగా, ఒకచోట పల్చగా ఉంటే ఒక్కోచోట ఒక్కోలా కుంచించుకుపోతుందట.

"అన్ని వైపులా సమానంగా రెండు మూడు మిల్లీమీటర్లు. అది కావాలి నాకు," అని మేడమ్ గాల్లో వేలితో ఒక దవడ గీశారు. నిజంగా ఒక దవడ కనబడింది నాకు. చేతులకి కూడా కళ్ళుంటాయని అప్పుడు నమ్మాను.

కొత్త ట్రేల కోసం నెల కిందటే సరుకు పత్రం పంపి ఉన్నాం. మనుషుల్లేకుండా వచ్చే సరుకు బుట్ట రేపో మాపో దిగుతుంది. ఆ పత్రం రాసింది ఈ రచయితే.

నమోదు 3: ఓడ సగం దారిలో ఉంది

అక్కకి తాత్కాలిక పళ్ళు పెట్టాం. తలుపు దగ్గర "తాతబాబూ" అనగానే అవి ఊడి, గాల్లో నెమ్మదిగా, పెళ్ళిచూపులకి వెళ్తున్నంత పద్ధతిగా తేలుతూ పోయి తలుపు చెవికి తగిలాయి. "దాడి జరిగింది," అని తలుపు గంట కొట్టింది.

అదే పూట బుట్ట దిగింది.

నీడపట్టులో అచ్చతెలుగు నిబంధన ఉంది. సరుకు పత్రాలు తెలుగులోనే రాయాలి, చదివి పంపేది యంత్రం. ఇంప్రెషన్ ట్రే అని రాయకూడదు కనక మేము, ఈసారి "మేము" అంటే నేనే, ఒక సాయంత్రమంతా తపస్సు చేసి ఇలా రాశాం: పళ్ళ అచ్చు పళ్ళేలు. గట్టివి, వంగనివి, పెద్దవారికి. మూడు పకార, చకార పదాలు చెట్టపట్టాలు వేసుకుని నడుస్తున్నట్టు ఉందని మురిసిపోయి, గోడకి కూడా అంటించాను.

పెట్టె తెరిచాం. లోపల భోజనం పళ్ళేలు. పెద్దవి, ప్లాస్టిక్‌వి. ఒకదాని మీద మామిడిపళ్ళ బొమ్మ, ఒకదాని మీద జామ, ఒకదాని మీద ద్రాక్ష, ఒకదాని మీద సీతాఫలం. రంగులు అద్భుతం.

మేడమ్ కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

"త్రినాథ్, పళ్ళు అంటే ఏమిటి?"

"రెండర్థాలు ఉన్నాయి మేడమ్."

"అచ్చు?"

"నోట్లో తీసేది మేడమ్. బొమ్మ వేసేదీ అదే."

"పళ్ళెం?"

"పళ్ళెమే మేడమ్."

యంత్రం అక్షరం పొల్లుపోకుండా పంపింది. నీడపట్టు చరిత్రలో ఒక పత్రాన్ని ఇంత నిజాయితీగా ఎవరూ చదవలేదు.

పైడితల్లి అక్క తొంగిచూసి, "అమ్మా, ఎంత బాగున్నాయో! నా పళ్ళు దేంట్లో ఉన్నాయి బాబూ?" అంది. నేను గోడ మీది కాగితం పీకి జేబులో పెట్టుకున్నాను.

ఆమె పెట్టె అడుగు దాకా చూసింది. అప్పుడు అర్థమైంది. పెదవి మూసుకుని కుర్చీలో కూర్చుంది. నాకు హాస్యం రాని క్షణాలు తక్కువ. అది ఒకటి.

మేడమ్ మాత్రం జామ పళ్ళెం ఎత్తి, రెండు చేతులతో పట్టుకుని వంచారు. "గట్టివి, వంగనివి అని రాశావు కదా? చూద్దాం నీ మాట ఎంత నిజమో."

నమోదు 4: ఓడ సగం దాటింది

ఇవాళ చూసింది నా మనవలకి చెప్పుకుంటాను, స్కానర్ అందాక.

జామ పళ్ళెం వంగింది. పక్కన పడేశారు. ద్రాక్ష పళ్ళెం ఒక్క నొక్కుకి పెటుక్కుమని పగిలింది. మామిడి గట్టిదే, కానీ వేడి చూపించగానే పొంగి బుడగలు కట్టింది. సీతాఫలాన్ని మేడమ్ వేలితో కొట్టారు. ఠంగుమంది. ఆ చప్పుడుకి ఆవిడ మొహంలో వెలిగిన వెలుగు మా గొయ్యికి సరిపోతుంది.

"నాకి మామిడిదే బాగుంది మేడమ్," అంది అక్క.

"రుచి చూసేది కాదు పైడితల్లీ, అచ్చు తీసేది. సీతాఫలమే నీకు."

"గింజలెక్కువ గదా?"

"నీకు పళ్ళొచ్చాక లెక్కపెట్టుకుందువు గాని."

ముందు పల్చటి ప్లాస్టిక్ ట్రేతోనే, చవక పొడి మందు కలిపి తొలి అచ్చు తీశాం. ఇది కొలతకే కాబట్టి కొంచెం అబద్ధమాడినా పరవాలేదట. అందులో గట్టి ప్లాస్టర్ పోసి అక్క దవడకి నకలు చేశాం. నకలు మీద మైనం రెండు పొరలు పరిచారు మేడమ్. రేపు మందు నిలవాల్సిన చోటు ఆ మైనానిదే. మైనంలో మూడు చోట్ల చిన్న కిటికీలు కోశారు, అరగదీసే పళ్ళకి దూరంగా. నోట్లో పెట్టినప్పుడు ట్రే ఆ మూడు చోట్లా ఆగుతుందట, అంతకన్నా లోపలికి పోదు.

తర్వాత సీతాఫలం పళ్ళాన్ని వేడి గాలి ముందు పట్టుకున్నారు. అప్పడం వేయించేవాళ్ళు నూనె వైపు చూసినట్టు చూస్తూ నిలబడ్డారు. మెత్తబడ్డ క్షణం తెలిసింది ఆవిడకి, నాకు తెలియలేదు. ఒక్కసారిగా నకలు మీద వేసి బొటనవేళ్ళతో ఒత్తుకుంటూ పోయారు. అంచులు కోసి, పెదవికి, నాలికకి తగిలే చోట్ల గుండ్రంగా సానపట్టారు. చివరి దంతం వెనక దాకా పోయిందా లేదా అని మూడుసార్లు చూశారు. పడేసిన జామ పళ్ళెం అంచుని మడతపెట్టి అతికించి పిడి చేశారు.

బొమ్మ ఉన్న వైపు బయటికి పెట్టారు. అంటే సీతాఫలం అక్క అంగిలి కింద, నాలిక మీద ఉంటుంది.

"పిండు," అన్నారు.

పిండాను. నా వేళ్ళు ఎర్రబడ్డాయి. ట్రే మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు.

"ఎలా ఉంది?"

"మేడమ్, మీరు..."

"ఆగకు, పొగుడు. వింటాను."

పొగిడాను. మధ్యలో ఒకసారి "ఇది ఇందాక చెప్పావు" అన్నారు.

ట్రే చేసిన వెంటనే వాడకూడదట. ఒక నిద్ర పోనివ్వాలి, అది తన ఆకారంలో తను కుదురుకోవాలి. ఆ మాటకొస్తే నేనూ అంతే అన్నాను. మేడమ్ దీపం ఆర్పేశారు.

నమోదు 5: ఓడ కంటికి కనబడుతోంది

అచ్చు మందు ఒక్కసారికే మిగిలి ఉంది. పాడైతే రెండో అవకాశం లేదు. మా కిటికీలోంచి ఓడ చుక్కలా కనబడుతోంది.

ట్రేకి జిగురు రాసి ఆరబెట్టాం.

"ఊదనా మేడమ్, తొందరగా ఆరుతుంది?"

"ఊదితే తుంపర పడుతుంది. తడి మీద ముద్ద పెడితే అచ్చు ట్రేని వదిలి నోట్లోనే కాపురం పెడుతుంది. చేతులు కట్టుకుని నిలబడు."

మేము చేతులు కట్టుకుని నిలబడ్డాం. ఈ ఘట్టంలో నా నైపుణ్యాన్ని ఎవరూ కాదనలేరు.

విరిగిన పళ్ళు అరగదీసి, చిగుళ్ళ అంచుల్లో సన్నటి దారం దూర్చి, అంచు బయటపడేలా చేశారు. దారం లాగేసి, పల్చటి మందు పళ్ళ చుట్టూ చిమ్మారు. ముద్ద నింపిన సీతాఫలం ట్రేని వెనక నుంచి ముందుకి, ఒక నిండు గ్లాసుని కదిపినంత నెమ్మదిగా పై పళ్ళకి ఎక్కించారు. మూడు చోట్లా ఆగింది. మేడమ్ రెండు చేతులూ ట్రే మీదే ఉన్నాయి. ఇక గట్టిపడేదాకా కదలకూడదు.

అప్పుడు అక్కకి ఓకరింపు మొదలైంది.

మొదట కళ్ళలో నీళ్ళు. తర్వాత భుజాలు. తర్వాత గొంతులోంచి, పెద్ద తలుపు గొలుసు జారినట్టు ఒక చప్పుడు. చేయి ట్రే వైపు లేచింది.

"పైడితల్లీ, ముక్కుతో గాలి పీల్చు. పీల్చు అమ్మా. తీశావంటే అంతా పోయింది. త్రినాథ్, కాలు! కాలెత్తించు!"

ఈ క్షణంలో నేను ఒక బరువైన బాధ్యత చేపట్టాను. దాని వివరాలు చిట్టా చివర సమర్పించుకుంటాను.

భుజాలు దిగాయి. చేయి కుర్చీ మీదికి పోయింది. మందు గట్టిపడింది. మేడమ్ ట్రేని ఒకే లాగుతో, సూటిగా బయటికి తీసి దీపం కింద పట్టారు.

పళ్ళ అంచు ఒక గీతలా వచ్చింది. ఎక్కడా తెగలేదు, బుడగ లేదు, ముడత లేదు. అరగదీసిన పన్ను చుట్టూ, అద్దంలో పెన్సిల్‌తో గీసినట్టు. వెనక నుంచి చూస్తే పచ్చటి సీతాఫలం కన్నుగీటుతోంది.

"నా అచ్చు ముందు అసలు పన్నే నకల్లా ఉండాలి," అన్నారు మేడమ్. వినయం అనే జబ్బు ఆవిడకి ఎప్పుడూ సోకలేదు. సోకకూడదు కూడా.

నమోదు 6: ఓడ దిగింది

బ్రిడ్జి చెక్కే యంత్రం పని ముగిసేసరికి తనిఖీ బృందం హాలులో టీ తాగుతోంది. మేడమ్ బ్రిడ్జిని పళ్ళ మీద పెట్టి వేలితో నొక్కారు. కుట్ అని చిన్న చప్పుడు. సాన పట్టాల్సిన పని లేదు, సర్దాల్సిన పని లేదు. దిగింది. మందు పెట్టి అతికించేశారు.

"ఏదైనా అను," అన్నారు.

అక్క నాలికతో కొత్త పళ్ళ వెనక తడుముకుంది. నోరు తెరిచింది. మూసింది. భయపడుతోంది. "ఇక్కడ కాదు మేడమ్. తలుపు కాడే అంటాను," అంది.

పెద్ద తలుపు దగ్గర బృందం నిలబడింది. వాళ్ళలో ఒకాయన చేతిలో యంత్రం గొంతు ఉన్న డబ్బా కూడా సిద్ధంగా ఉంది. విధి ఆ పూట బయటికి పంపిన ముగ్గురూ ఎవరో చూడండి: తాతబాబు, తౌడు, దాలినాయుడు. తకార దకారాల మహాసభ. నేను మేడమ్ వైపు చూశాను. ఆవిడ గోళ్ళు చూసుకుంటున్నారు. కానీ ఊపిరి తీసుకోవడం లేదు.

"తలుపు తియ్యి," అంది అక్క.

తలుపు ఒక్క క్షణం ఆగింది. సలుపు ఎక్కడని అడుగుతుందేమోనని నాకు నిజంగానే సలుపు మొదలైంది.

"ఎవరికి?" అంది తలుపు.

"తాతబాబూ, దా!"

తెరుచుకుంది. దుమ్ముకొట్టుకుని తాతబాబు లోపలికొచ్చాడు.

"తౌడూ, దా! దాలినాయుడూ, ఒరే, నువ్వు కాళ్ళు దులుపుకుని దా! ఎన్నిసార్లు సెప్పాలిరా నీకి?"

దాలినాయుడు దులుపుకున్నాకే తలుపు తెరుచుకుంది. బృందంలో డబ్బా పట్టుకున్నాయన దాని మూత వేసి చంకలో పెట్టుకున్నాడు.

అక్క వెనక్కి తిరిగింది. ముందు మేడమ్ చేతులు రెండూ పట్టుకుంది, కళ్ళకి అద్దుకుంది. మేడమ్ వాటిని లాక్కోలేదు. తర్వాత నా వైపు చూసి, నిదానంగా, ఒక్కో అక్షరాన్నీ చేత్తో తీసి ఇచ్చినట్టు, "త్రినాథ్ బాబూ," అంది.

నా పేరు నేను చాలామంది నోట విన్నాను, ఎక్కువగా కోపంగా. ఇంత శుభ్రంగా ఎన్నడూ వినలేదు.

నమోదు 7: చివరి మాట

బృందం వెళ్ళిపోయింది. ట్రే కోయగా మిగిలిన సీతాఫలం పళ్ళెం ముక్కలు మేడమ్ తాళం వేసి దాచుకున్నారు. ఎవరికైనా క్యాపు వేయాలంటే "నాకి ఏ పండు?" అని అడుగుతున్నారు జనం.

ఇక మాట ఇచ్చాను కనక ఒప్పుకోవాలి. ట్రే ఎంచింది నేను కాదు, చేసింది నేను కాదు, అచ్చు తీసింది నేను కాదు. "మేము" అన్న చోటల్లా మేడమ్ అని చదువుకోండి.

ఓకరింపు ఆపడానికి భూమ్మీద ఒక ఉపాయం ఉంది. రోగిని ఒక కాలు పైకెత్తి పట్టుకోమంటారు. ఆ కష్టం మీదికి మనసు పోయి గొంతు ఊరుకుంటుంది. ఇక్కడ అక్క కాలెత్తితే అది దూదిలా లేచి హాయిగా గాల్లో నిలబడింది. కష్టమే లేదు. ఓకరింపు తగ్గలేదు. మేడమ్ చేతులు ట్రే మీద ఉన్నాయి. నాకు ఇంకేమీ తోచలేదు.

అక్క కాలి మీద ఎక్కి కూర్చున్నాను.

ఆమె నన్ను మోయలేక పళ్ళు నూరుకోవాల్సింది, కానీ నూరడానికి నోట్లో సీతాఫలం ఉంది. అందుకని కళ్ళతో నూరింది. మందు గట్టిపడేదాకా మోసింది. భూమ్మీద నేను అరవై కిలోలు. ఇక్కడ పది.

ఉన్న పదీ పెట్టాను.